మూడు గంటల పరుగులో డెక్స్‌కామ్ జీ7: టైప్ 1 డయాబెటిస్ ఉన్నవాళ్ల కోసం సమీక్ష

ఒంటికి అంటించుకుంటే గ్లూకోజ్‌ని ఎప్పటికప్పుడు ఫోన్‌కి చూపించే డెక్స్‌కామ్ జీ7 మంచి సెన్సర్. కానీ పెట్టెలోంచి తీసి, చేతికి పెట్టుకుని, సెట్టింగులేవీ ముట్టుకోకుండా మారథాన్‌కో వంద కిలోమీటర్ల సైక్లింగ్‌కో బయల్దేరితే సగం కూడా ఉపయోగపడదు. దాని అలారాలు మామూలు రోజుకి, నిద్రకి సరిపోయేలా తయారైనవి. రెండు గంటలుగా పనిచేస్తున్న కండరాలు గ్లూకోజ్‌ని లాగేసే వేగం వేరు, ఆ వేగంలో మోగాల్సిన అలారం వేరు. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ చోటు అలారాలకీ బాణాలకీ ఇచ్చాం. ఇక్కడ రాసింది పది రోజుల సెన్సర్ గురించి. పదిహేను రోజుల రకం కూడా వచ్చింది. గ్లూకోజ్ అంకెలన్నీ ఎంజీ/డీఎల్‌లో, అంటే డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో.

ముందు వివరాలు. సెన్సర్, దాని అంకెల్ని ఫోన్‌కి పంపే ట్రాన్స్‌మిటర్ రెండూ ఒకే బిళ్లలో ఉంటాయి. పై చేతి వెనక భాగంలో పెట్టుకోవాలి. గుచ్చిన క్షణం నుంచి పనిలోకి దిగి, అరగంటలోపు అంకెలు చూపిస్తుంది. తర్వాత ప్రతి అయిదు నిమిషాలకి ఒక అంకె. 40కి తగ్గితే 'లో' అనీ, 400 దాటితే 'హై' అనీ మాత్రమే రాస్తుంది. పది రోజుల గడువు మీద ఇంకో పన్నెండు గంటలు అదనం. 10 డిగ్రీల నుంచి 42 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేస్తుందని తయారీదారుల మాట. రక్త పరీక్షతో పోల్చి ఖచ్చితత్వాన్ని చెప్పే సగటు తేడా, అంటే అందరూ ఎంఏఆర్‌డీ అనే అంకె, పెద్దవాళ్లలో చేతి మీద 8.2 శాతం. చాలా మంచి అంకె ఇది. కాకపోతే వ్యాయామం సాగుతున్నప్పుడు ఏ సెన్సర్‌కైనా తేడా పెరుగుతుంది. దీనికి మినహాయింపు లేదు.

ఎందుకు పెరుగుతుందో తెలిస్తే మిగతా సగం పని సులువవుతుంది. సెన్సర్ కొలిచేది రక్తంలోని గ్లూకోజ్‌ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలోని గ్లూకోజ్‌ని. రక్తం నుంచి ఆ ద్రవానికి గ్లూకోజ్ చేరడానికి సమయం పడుతుంది. కదలకుండా ఉన్నప్పుడు అయిదు నుంచి పది నిమిషాలు. పరుగులో, సైకిల్ మీద, షుగర్ వేగంగా దిగుతున్నప్పుడు ఆ వెనకబాటు పావుగంట వరకు, ఒక్కోసారి అంతకు మించీ పోతుంది. లెక్క వేసి చూడండి. నిమిషానికి 2 చొప్పున దిగుతోంది, సెన్సర్ పదిహేను నిమిషాలు వెనకబడింది అనుకుందాం. తెర మీద 95 కనిపిస్తున్నప్పుడు రక్తంలో ఉన్నది 65. తెర ప్రకారం మీరు బాగానే ఉన్నారు, కాళ్లు మాత్రం అప్పటికే బరువెక్కి ఉంటాయి. ఈ రెంటిలో కాళ్లని నమ్మండి.

అంచేత పరుగులో అంకె కంటే దాని పక్కనున్న బాణం విలువైనది. జీ7లో అడ్డంగా ఉన్న బాణం అంటే నిమిషానికి 1 కంటే తక్కువ మార్పు. ఏటవాలుగా కిందికి ఉంటే 1 నుంచి 2. నిట్టనిలువుగా కిందికి ఒక బాణం ఉంటే 2 నుంచి 3. రెండు బాణాలుంటే 3 దాటిందని. 140 దగ్గర కిందికి నిలువు బాణం, 105 దగ్గర అడ్డ బాణం, రెంటిలో ఏది ప్రమాదం అంటే మొదటిదే. వాచీలో చిన్న అక్షరాల్లో అంకె మాత్రమే కనబడేలా పెట్టుకోకండి. బాణం కూడా కనబడే పలకనే ఎంచుకోండి.

ఇక అలారాలు. జీ7లో 55 దగ్గర మోగే అత్యవసర 'లో' అలారం స్థాయిని మార్చలేం, తీసెయ్యలేం. అది ఉండాల్సిందే, దాని మీద ఫిర్యాదేమీ లేదు. దానికి ముందు ఇంకొకటి మోగుతుంది: ఇరవై నిమిషాల్లో 55కి పడిపోవచ్చు అని. కూర్చుని ఉన్నప్పుడు ఇది అద్భుతమైన అలారం. పరుగులో మాత్రం ఆలస్యం. ఎందుకంటే ఆ ఇరవై నిమిషాలు సెన్సర్ గడియారం ప్రకారం. సెన్సర్ పదిహేను నిమిషాలు వెనకబడి ఉంటే మీ చేతిలో మిగిలింది అయిదు నిమిషాలు. అప్పుడు మింగిన జెల్ (దారిలో తినే చక్కెర ముద్ద) పొట్ట దాటి రక్తంలో పనిచేయడానికి పది పదిహేను నిమిషాలు కావాలి. లెక్క కుదరదు. ఈ ఒక్క అలారాన్ని నమ్ముకుని పొడవైన పోటీకి దిగేవాళ్లు తరచూ దెబ్బతినేది ఇక్కడే.

దీనికి మార్గం యాప్‌లోనే ఉంది, చాలామంది తెరిచి చూడరు. అలర్ట్ సెట్టింగుల్లో రెండో ప్రొఫైల్ పెట్టుకోవచ్చు. దానికి ఏయే రోజులో, ఏ గంట నుంచి ఏ గంట వరకో చెప్పొచ్చు. పొడవైన శిక్షణ ఏ రోజు ఉంటుందో ఆ రోజుకి, ఆ గంటలకి వేరే ప్రొఫైల్ పెట్టండి. అందులో 'లో' అలర్ట్‌ని 110కి పెంచండి. ఊరికే మోగుతుందని భయపడకండి. మోగినప్పుడు బాణం అడ్డంగా ఉంటే కొద్దిగా తింటే చాలు, కిందికి ఉంటే వెంటనే ఇంకా ఎక్కువ తినాలి. వేగంగా పడిపోతోందని చెప్పే అలర్ట్‌ని కూడా ఆన్ చేయండి. 'హై' అలర్ట్‌ని 250కి పెట్టుకుంటే సరిపోతుంది. జెల్ మింగిన ప్రతిసారీ 180 దాటుతుంది, దానికోసం వాచీ మణికట్టు మీద కొట్టుకుంటూ ఉంటే అసలు అలారాన్ని కూడా పట్టించుకోవడం మానేస్తారు. శిక్షణ గంటలు ముగిశాక పాత ప్రొఫైల్‌కి తనంతట తనే మారేలా ముగింపు సమయం పెట్టడం మరిచిపోవద్దు.

ఫోన్ వైపు నుంచి కూడా కొన్ని చిక్కులుంటాయి. బ్యాటరీ ఆదా మోడ్ యాప్‌ని వెనక నుంచి ఆపేస్తుంది. వేలితో యాప్‌ని పైకి తోసి మూసేస్తే అలారాలు రావు. వ్యాయామ సమయంలో నోటిఫికేషన్లు ఆపే మోడ్‌లో డెక్స్‌కామ్‌కి అనుమతి ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవాలి. బ్లూటూత్ పరిధి పది మీటర్లని రాసి ఉన్నా ఆ సంకేతానికి మనిషి శరీరమే పెద్ద అడ్డు. సెన్సర్ ఎడమ చేతికుండి, ఫోన్ కుడి వైపు నడుముకి చెమటతో తడిసిన సంచిలో ఉంటే అంకెలు మధ్యమధ్యలో ఆగిపోతాయి. రెండూ ఒకే వైపు ఉంచండి.

ఎంత తినాలి? గ్లూకోజ్ 126 నుంచి 180 మధ్య ఉండగా మొదలుపెట్టి అదే పరిధిలో సాగడం చాలామందికి కుదిరే లక్ష్యం. దారిలో గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ మామూలు. రెండున్నర గంటలు దాటే పోటీల్లో పొట్ట అలవాటుపడిన వాళ్లు 75 వరకు, ఇంకా పైకి కూడా వెళ్తారు. ఆ మొత్తాన్ని గంటకోసారి కాకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో విడగొట్టి తీసుకోండి. సెన్సర్ 126కి దిగితే బాణాన్ని బట్టి అదనం కలపాలి: అడ్డంగా ఉంటే 10 నుంచి 15 గ్రాములు, ఏటవాలుగా కిందికి ఉంటే 15 నుంచి 25, నిలువుగా కిందికి ఉంటే 20 నుంచి 35. 70కి తగ్గితే ఆగాలి. 54కి తగ్గితే ఆ రోజుకి అక్కడితో సరి, మళ్లీ మొదలుపెట్టకూడదు. గడచిన ఇరవై నాలుగు గంటల్లో ఇంకొకరి సాయం అవసరమైనంత తీవ్రమైన హైపో (షుగర్ మరీ పడిపోవడం) వచ్చి ఉంటే అసలు బయల్దేరకూడదు. ఇన్సులిన్ ఎంత తగ్గించాలన్నది మీ డాక్టర్‌తో కూర్చుని రాసుకోవాల్సిన లెక్క. స్థూలంగా ఇన్సులిన్ పంప్ వాడేవాళ్లు గంట, గంటన్నర ముందు నుంచే బేసల్‌ని (రోజంతా నెమ్మదిగా అందే ఇన్సులిన్‌ని) 50 నుంచి 80 శాతం తగ్గిస్తారు. బయల్దేరే గంటన్నరలోపు తిన్న భోజనానికి బోలస్‌ని (తిండికి వేసుకునే డోసుని) 25 నుంచి 75 శాతం తగ్గిస్తారు. మొదలయ్యే నిమిషంలో బేసల్ తగ్గిస్తే దాని ఫలితం రెండో గంటలో గాని కనబడదు.

హైపో వచ్చి, 15 నుంచి 20 గ్రాముల గ్లూకోజ్ తీసుకున్న తర్వాత ఈ సెన్సర్‌ని నమ్ముకుంటే తప్పుదారి పట్టిస్తుంది. రక్తంలో షుగర్ పెరగడం మొదలైనా తెర మీద ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు కిందికే చూపిస్తుంది. భయపడి ఇంకో 20, ఇంకో 20 గ్రాములు తినేస్తే గంటలో 300. ఇక్కడ వేలి రక్తపు చుక్కతో కొలిచే గ్లూకోమీటర్ తప్పనిసరి. దానికీ ఒక జాగ్రత్త ఉంది. జెల్ చింపిన వేళ్ల మీద చక్కెర అంటుకుని ఉంటుంది. ఆ వేలి నుంచి చుక్క తీస్తే 70 ఉన్నది 180 అని కూడా చూపించవచ్చు. నీళ్లతో కడిగి ఆరనివ్వండి. నీళ్లు లేకపోతే తడి గుడ్డతో గట్టిగా తుడిచి, మొదటి చుక్కని వదిలేసి రెండో చుక్క వాడండి.

పోటీ ఉదయం ఎదురయ్యేది దీనికి తలకిందులైన సమస్య. పోటీ మొదలయ్యే గీత దగ్గర నిలబడేసరికి ఉద్వేగం వల్ల షుగర్ 220కి ఎక్కి, బాణం పైకి చూస్తూ ఉంటుంది. అలారం మోగింది కదా అని షుగర్ దించడానికి పూర్తి ఇన్సులిన్ డోసు వేస్తే గంటన్నరకి నేల మీదుంటారు. పోటీ మొదలై వేగం స్థిరపడ్డాక ఆ పెరుగుదల చాలావరకు దానంతటదే దిగుతుంది. 270 దాటి ఉంటే మాత్రం రక్తంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు పేరుకునే ఆమ్లాలు) చూడాలి. జీ7 కీటోన్లని కొలవదు. 1.5 ఎంమోల్/లీ. లేదా అంతకు ఎక్కువ ఉంటే పరుగు లేదు. పంప్ గొట్టం ఊడిందా, మడతపడిందా చూసుకోండి. 3 దాటితే ఆస్పత్రికి.

ఇప్పుడు అంటుకోవడం. ఊడిపోతోందన్న ఫిర్యాదులు జిగురు కంటే కింద ఉన్న చర్మం వల్ల ఎక్కువ వస్తాయి. పోటీకి కనీసం పన్నెండు గంటల ముందు, వీలైతే ఒక రోజు ముందు పెట్టుకోండి. రెండు లాభాలు: జిగురు పూర్తిగా పడుతుంది, మొదటి రోజు ఉండే తడబాటు గడిచిపోతుంది. మాయిశ్చరైజర్ ఉన్న సబ్బు వద్దు. మామూలు సబ్బుతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాకే గుచ్చాలి. వెంట్రుకలుంటే ముందే తీసేయాలి. గుచ్చాక సెన్సర్‌ని పది సెకన్లు నొక్కి పట్టి, అంచు చుట్టూ మూడుసార్లు వేలితో రుద్దాలి. పెట్టెలో ఇచ్చే పై పట్టీని ముడతలు పడకుండా అప్పుడే వేయాలి, అంచు లేచాక వేస్తే ఆగదు. సన్‌స్క్రీన్ రాసుకునేప్పుడు పట్టీ చుట్టూ రెండు వేళ్ల మేర వదిలేయండి, నూనె జిగురుని కరిగిస్తుంది. వెట్‌సూట్ (ఈతకి వేసుకునే బిగుతైన రబ్బరు దుస్తులు) వాడేవాళ్లకి ప్రమాదం నీళ్లలో కాదు, విప్పేటప్పుడు. స్లీవ్‌ని లాగేయకుండా సెన్సర్ దాటేవరకు లోపలి వైపు తిరగేస్తూ దించాలి. స్లీవ్ బాగా బిగుతుగా ఉంటే ఇంకో చిక్కు: ఒత్తిడికి ఆ చోట ద్రవం తగ్గి, లేని హైపో చూపిస్తుంది.

ఈతలో జీ7 బలహీనత, బలం రెండూ తేటగా కనిపిస్తాయి. 2.4 మీటర్ల లోతులో ఇరవై నాలుగు గంటలు తట్టుకుంటుంది, అందులో దిగులు అక్కర్లేదు. కానీ బ్లూటూత్ నీళ్లలో సాగదు. చెయ్యి నీళ్లలో ఉన్నంతసేపు వాచీకి గానీ ఒడ్డున ఉన్న ఫోన్‌కి గానీ అంకె రాదు. బయటికి వచ్చాక సెన్సర్ దాచుకున్న పాత అంకెల్ని, ఇరవై నాలుగు గంటల వరకు, యాప్‌కి పంపేస్తుంది. గ్రాఫ్‌లో గీత పూర్తవుతుంది గాని, నీళ్లలో అలారం రాలేదన్న సంగతి మారదు. కనక ట్రయథ్లాన్‌లో (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) ఈతకి దిగేముందు 126 నుంచి 180 పరిధిలో పై వైపు ఉండి, బాణం అడ్డంగా గానీ కొంచెం పైకి గానీ ఉండేలా చూసుకోండి. స్లీవ్ కింద ఒక జెల్ పెట్టుకోండి.

వాచీల విషయానికి వస్తే, యాపిల్ వాచ్‌కి 2024 నుంచి సెన్సర్ నేరుగా అంకెలు పంపుతోంది. మొదట జత చేయడానికి ఫోన్ కావాలి, తర్వాత ఫోన్ ఇంట్లో వదిలి పరుగెత్తొచ్చు. పరుగెత్తేవాళ్లకి జీ7లో వచ్చిన అన్నిటికంటే పెద్ద మేలు ఇదే. ఒక్క లోటు వాచీ బ్యాటరీ: జీపీఎస్, గుండె వేగం, సెన్సర్ మూడూ కలిస్తే పొడవైన పోటీలో చివరి గంటలకి సరిపోకపోవచ్చు, కాబట్టి శిక్షణలో ముందే పరీక్షించండి. గార్మిన్ వాచీలు, సైకిల్ కంప్యూటర్ల మీద కూడా అంకె, బాణం చూడొచ్చు. కానీ అక్కడ దారి వేరు: ఫోన్ దగ్గర ఉండాలి, దానికి ఇంటర్నెట్ ఉండాలి. కొండల్లో సిగ్నల్ పోతే తెర మీద మిగిలేది పాత అంకె. అంకెతో పాటు అది ఎప్పటిదో కూడా చూసే అలవాటు చేసుకోండి.

పంప్‌తో కలిపి వాడేవాళ్లకి జీ7 ఇంకా లాభం. టాండెం, ఆమ్నిపాడ్ 5 వంటి పంపులు దీని అంకెల్ని చూసి ఇన్సులిన్ సర్దుతాయి. వ్యాయామ మోడ్ పెడితే ఆమ్నిపాడ్ 5 లక్ష్యాన్ని 150కి మారుస్తుంది, టాండెంలో అది 140 నుంచి 160. ఈ మోడ్‌ని కూడా గంట, గంటన్నర ముందే ఆన్ చేయాలి. ఆమ్నిపాడ్ అయితే పాడ్ (ఒంటికి అంటించుకునే పంప్), సెన్సర్ ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా శరీరానికి ఒకే వైపు పెట్టాలి, లేకపోతే సంబంధం తెగుతుంది. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, దాన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. బయల్దేరడానికి అరగంట ముందు ముందుజాగ్రత్తగా 40 గ్రాములు తింటే సెన్సర్ పెరుగుదలని చూస్తుంది, పంప్ ఇన్సులిన్ పెంచుతుంది, మీరు పరుగు మొదలుపెట్టేసరికి ఆ ఇన్సులిన్ పనిలో ఉంటుంది. ఆటోమేటిక్ పంప్ ఉంటే ముందుగా తినే మోతాదు తగ్గించి, పరుగు మొదలయ్యాక చిన్న చిన్న మోతాదులుగా తినడమే మేలు.

పొడవైన వ్యాయామం తర్వాతి రాత్రి ఈ సెన్సర్ విలువ పగటికంటే ఎక్కువ. ఖాళీ అయిన గ్లైకోజెన్‌ని (గ్లూకోజ్ నిల్వని) నింపుకోవడానికి కండరాలు గంటల తరబడి గ్లూకోజ్ లాగుతూనే ఉంటాయి, నిద్రలో హైపో వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇంజెక్షన్లు వాడేవాళ్లు ఆ రాత్రి బేసల్‌ని సుమారు 20 శాతం తగ్గించడం వాడుకలో ఉన్న పద్ధతి. సెన్సర్ ఉన్న చేతి మీద పడుకుంటే ఒత్తిడి వల్ల 'లో' అలారం మోగవచ్చు. గీత నునుపుగా వాలకుండా ఒక్కసారిగా గోడలా పడి, పక్కకి తిరగగానే లేచిందంటే అది ఒత్తిడి పని. కానీ పోటీ రాత్రి మాత్రం ఊహించి పడుకోవద్దు, వేలి చుక్కతో చూడండి. ఒళ్లునొప్పులకి పారాసిటమాల్ వేసుకునేవాళ్లు ఆరు గంటలకి ఒక గ్రాము దాటకుండా ఉండాలి, దాటితే సెన్సర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

ఇంకో గ్లూకోజ్ సెన్సర్ ఫ్రీస్టైల్ లిబ్రే 3తో పోలిక అందరూ అడిగేదే. అది ఇంకా చిన్నది, పద్నాలుగు రోజులు నడుస్తుంది, ప్రతి నిమిషం అంకె ఇస్తుంది. సైకిల్ మీద కొండ దిగుతూ ఎక్కుతూ ఉన్నప్పుడు నిమిషానికో అంకె నిజంగా బాగుంటుంది, అయిదు నిమిషాల జీ7 అక్కడ మందంగా అనిపిస్తుంది. అయితే ద్రవం వల్ల వచ్చే వెనకబాటు రెంటికీ ఒకటే. లిబ్రే 3 మొదలు కావడానికి గంట పడుతుంది, నీళ్లలో ఒక మీటరు లోతు, అరగంట వరకే హామీ. రోజుకి 500 మిల్లీగ్రాములు దాటి విటమిన్ సీ తీసుకుంటే తప్పుగా ఎక్కువ చూపించవచ్చు. నీళ్లలో కలిపే ఎలక్ట్రోలైట్ బిళ్లల్లో విటమిన్ సీ ఎంతుందో లేబుల్ మీద చదవండి. ఈతకొట్టే వాళ్లకి, వాచీ ఒక్కదానితో పరుగెత్తేవాళ్లకి మా ఓటు జీ7కే. సైక్లింగ్ మాత్రమే చేసి, ఫోన్ హ్యాండిల్ మీద పెట్టుకునేవాళ్లు లిబ్రే 3 తీసుకున్నా నష్టం లేదు.

అధికారిక పోటీల్లో దిగేవాళ్లు రెండు కాగితాలు చూసుకోవాలి. ఇన్సులిన్ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధిత జాబితాలో ఉంది, వైద్య మినహాయింపు పత్రం ముందుగా తీసుకోవాలి. సైకిల్ పోటీల్లో గ్లూకోజ్ సెన్సర్లని యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) 2021లో నిషేధించింది, కాబట్టి డయాబెటిస్ ఉన్నవాళ్లు తమ అవసరం గురించి నిర్వాహకులతో ముందే తేల్చుకోవాలి. ఇది అడ్డంకి అనుకోనక్కర్లేదు. టీమ్ నోవో నార్డిస్క్ సైకిల్ జట్టులో అందరూ టైప్ 1 ఉన్నవాళ్లే, అంతర్జాతీయ పోటీల్లో పాల్గొంటూనే ఉన్నారు.

పోటీ రోజు సెన్సర్ ఆరేడు రోజులు దాటకుండా ఉండేలా లెక్క వేసి పెట్టుకోండి. సంచిలో ఒక అదనపు సెన్సర్, ఆల్కహాల్ తుడుపులు, పై పట్టీ, గ్లూకోమీటర్, గ్లూకోజ్ మాత్రలు, గ్లూకాగాన్ (తీవ్రమైన హైపోలో షుగర్ పెంచే అత్యవసర మందు) ఉండాలి. గ్లూకాగాన్ ఎక్కడుందో, ఎలా ఇవ్వాలో వెంట వచ్చినవాళ్లకి ముందే చూపించండి. సెన్సర్ సమస్య అని తెర మీద వస్తే మూడు గంటల వరకు వేచి చూడమని యాప్ చెబుతుంది. పోటీ మధ్యలో అంతసేపు అంకె లేకుండా ఉండలేరు కాబట్టి, అప్పటినుంచి అరగంటకోసారి వేలి చుక్క, పావుగంటకోసారి జెల్. కొత్త సెన్సర్ వేస్తే జత చేయడానికి నాలుగంకెల కోడ్ కావాలి, అది సెన్సర్‌ని గుచ్చే అప్లికేటర్ మీద ఉంటుంది. గుచ్చగానే అప్లికేటర్‌ని చెత్తబుట్టలో వేసేయకుండా కోడ్‌ని ఫోన్‌తో ఫోటో తీసుకోండి.